పద్మిని టీచరు నిలబడ్డ వారం

పిల్లలు గోల చేస్తేనే పద్మిని టీచరుకు పాఠం సాగేది. మూడో తరగతి గది ముందునుంచి వెళ్ళాలంటే చెవుల్లో దూది పెట్టుకోవాలని తోటి టీచర్లు ఎగతాళి చేసినా ఆమె పట్టించుకునేది కాదు. "నోరు మూసుకున్న పిల్లకి నేనేం నేర్పను? నోరు తెరిస్తే తప్పో ఒప్పో ఏదో ఒకటి బయటికొస్తది గదా," అనేది.

ఆమె పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లోనే. తాత శ్రీకాకుళం తీరంనుంచి పడవ పని మీద వచ్చి, తిరుగు ఓడ ఎక్కడం ఏటికేడు వాయిదా వేసుకుంటూ చివరికి ఇక్కడి మట్టిలోనే కలిసిపోయాడు. తండ్రి ఫీనిక్స్ బే జెట్టీలో తాళ్ళు పట్టి బోట్లు కట్టే పని చేశాడు. గోల్ ఘర్ పేటలోని రేకుల ఇంట్లో తెలుగూ హిందీ ఒకే కంచంలో కలుపుకుని తిన్నట్టు పెరిగింది పద్మిని. ఏ మాట ఏ భాషదో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

మొదటిసారి అడిగింది విశాఖపట్నంలో. టీచర్ ట్రైనింగుకు వెళ్ళిన కొత్తలో, హాస్టల్లో వడ్డించే మనిషితో "దీదీ, తోడా చావల్ ఎయ్యండి" అంది. కొంచెం అన్నం అడిగినందుకు వరసలో నిలబడ్డ అమ్మాయిలంతా పగలబడి నవ్వారు. ట్రైనింగు పూర్తయ్యేదాకా ఆమె పేరు 'తోడా చావల్'. ఆ తర్వాత పద్మిని అక్కడ అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆకలేస్తే కంచం చాపేది, అంతే. మార్కులు బాగానే వచ్చాయి. కానీ నోరు కట్టేసుకుని బతకడం ఎంత బరువో ఆమె ఒంటికి తెలిసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన గదిలో ఏ పిల్లనూ ఆమె "ష్" అనలేదంటే కారణం అదే.

ఆ ఏడు వానాకాలంలో వాళ్ళ తెలుగు మీడియం బడికి కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. వీరరాఘవయ్యగారిది రాజమండ్రి వైపు. ఉద్యోగం మీద ద్వీపాలకు వచ్చి, తల నెరిసేదాకా ఇక్కడే ఉండిపోయిన మనిషి. తెలుగంటే ప్రాణం. సెలవులకు ఊరెళితే పెట్టె నిండా పిల్లల కథల పుస్తకాలు మోసుకొచ్చేవాడు. అంత ప్రేమ ఉన్నవాడికి పిల్లల నోట వచ్చే తెలుగు వినేసరికి గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఆగస్టు చివర్లో తెలుగు భాషా దినోత్సవం శనివారం వచ్చింది. దానికి ముందు వారమంతా 'అచ్చ తెలుగు వారం' అని, శనివారం సభలో ప్రతి తరగతీ ఒక పద్యం చదవాలని ప్రకటించాడాయన.

సోమవారం ప్రార్థన అయ్యాక మైకు పట్టుకుని చెప్పాడు. "ఈ వారం బడిలో ఎవ్వరూ హిందీ మాట కలపకూడదు. కలిపినవాళ్ళు రోజూ ప్రార్థనలో వరస వదిలి, అదిగో, ఆ కుళాయి గోడ దగ్గర నిలబడాలి. కొట్టను, తిట్టను. నిలబడితే చాలు, అదే గుర్తుంటుంది."

ఆ మాట ముగియకముందే గేటులోంచి మూడో తరగతి బేబీరాణి తడిసి ముద్దయి పరుగెత్తుకొచ్చింది. జంగ్లీఘాట్‌లో చేపలు పట్టే పోలిరాజు కూతురు. బడిలో అందరికంటే పెద్ద గొంతు ఆ పిల్లదే.

"ఎందుకమ్మా ఆలస్యం?" అని అడిగాడు హెడ్మాస్టరు.

"బారిష్‌లో గాడీ ఆగిపోనాది సార్!" అంది బేబీరాణి, బడంతా వినబడేలా.

ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు. "వాన. బండి. ఆగిపోయింది. వెళ్ళి గోడ దగ్గర నిలబడు."

ఆ పిల్లకు తన తప్పేమిటో అర్థం కాలేదు. ఆలస్యానికే శిక్ష అనుకుంది. తర్వాత పై తరగతి పిల్లలు చెప్పారు, నీ మాట బాగాలేదట, అందుకని. అంతే. బేబీరాణి నోరు మూతపడింది.

మంగళవారానికి ఆ మూత గదంతటికీ పడింది. పద్మిని పుస్తకంలో బొమ్మ చూపించి "ఇదేమిటి?" అంటే ఒక్కరూ పలకలేదు. రోజూ ఒకరి మీద ఒకరు పడి అరిచే పిల్లలు బల్లల మీద గీతలు చూసుకుంటూ కూర్చున్నారు. పద్మిని పుస్తకం దించింది. ముందు బల్లమీద కూర్చునే రాముడి దగ్గరకు వెళ్ళి వంగింది.

"ఏటయిందిరా? నీకు తెలుసు గదా ఇది?"

వాడు తలుపువైపు చూసి గుసగుసగా అన్నాడు. "తెలుసు మేడమ్. కానీ నాకు తెలిసింది తెలుగో హిందీయో తెలీదు. పానీ హిందీ, అది తెలుసు. జెట్టీ ఏటి? ఛుట్టీ ఏటి? ఎందుకొచ్చిన గొడవ, అసలు మాట్లాడకపోతే సరిపోద్ది గదా."

పద్మిని నిటారుగా నిలబడింది. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి తట్టిన ఆ ఉపాయమే తనకు హాస్టల్లో తట్టిన ఉపాయం. పుస్తకం మూసి బల్లమీద పెట్టింది.

"రేపు పాఠం లేదు," అంది. "రేపు మాటల వేట. ఇంట్లో, బజార్లో, బస్సులో, ఎక్కడ ఏ మాట వినబడినా పట్టుకుని రండి. ఏ భాషదైనా సరే. ఏ మాటకీ శిక్ష లేదు, పూచీ నాది."

బుధవారం గది మళ్ళీ బతికింది. మొదట భయం భయంగా ఒక మాట, దాని వెనక ఇంకోటి, ఆ తర్వాత జడివానే. పద్మిని బోర్డు మీద గీత గీసింది. ఎడమవైపు బారిష్, కుడివైపు వాన. ఛత్రీ, గొడుగు. మచ్ఛీ, చేప. డుంగీ, పడవ. దరియా, సముద్రం. తమ నోట రోజూ ఆడే మాట తెలుగు అక్షరాల్లో కనబడేసరికి, అంతవరకు వత్తులు చూస్తే దడుసుకునే పిల్లలు కూడా కూడబలుక్కుని చదివేశారు. చ కింద ఛ వత్తు ఎందుకని రాముడు అడిగాడు. అడిగాడంటేనే పద్మినికి సగం పండగ.

అప్పుడు ఎవరో కుర్చీ అన్నారు. ఎడమవైపా, కుడివైపా? పక్క గదిలో హిందీ చెప్పే సరోజిని మేడమ్‌ను అడిగి రమ్మని ఇద్దర్ని పంపితే వాళ్ళు రివ్వున తిరిగొచ్చి, "మేడమ్, వాళ్ళు కూడా కుర్సీ అంటన్నారు!" అని కేకేశారు. హాజరు కూడా అంతే. రోజు, జవాబు, కాగితం, ఖాళీ, అన్నీ ఎప్పుడో అటునుంచి ఇటు వచ్చినవే. పిల్లలు బిత్తరపోయారు.

"మరి అవి తెలుగు కాదా మేడమ్?"

"ఎందుక్కావు? వచ్చి మనతో కాపురం చేస్తున్నాయి గదా. ఇప్పుడు మనవే."

"అయితే మా బారిష్ కూడా కొన్నాళ్ళు కాపురం చేస్తే మనదైపోద్దా?"

"అవ్వొచ్చు. కానీ వాన అనే మాట కూడా నీకు వచ్చి ఉండాలి. పరీక్షలో వాన రాయాలి, ఇంట్లో నీ ఇష్టం. రెండు మాటలున్నవాడు ఒక మాట ఉన్నవాడి కంటే గొప్పోడు."

బేబీరాణి మాత్రం పలకలేదు. గంట కొట్టే ముందు లేచి వెళ్ళి, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద వంకరటింకరగా రాసింది: సుర్మయి. గీత దాటి అవతల: వంజరం. సుద్ద పెట్టేసి వచ్చి కూర్చుంది.

ఆ బోర్డును వరండాలోంచి హెడ్మాస్టరు చూశాడు. లోపలికి రాలేదు. కానీ గురువారం ప్రార్థనలో కొత్త పద్ధతి పెట్టాడు. ఏ తరగతిలో నిన్న ఎవరు హిందీ కలిపారో ఆ తరగతి టీచరే మైకులో పేర్లు చెప్పాలి. ఒకటో తరగతి టీచరు నీళ్ళు నమిలి ఒక పేరు చెప్పింది. రెండో తరగతి టీచరూ చెప్పింది. ఆ పిల్లలు తలలు వంచుకుని గోడ దగ్గరకు నడిచారు.

"పద్మినిగారూ, మూడో తరగతి?"

పద్మిని మైకు ముందుకు వచ్చింది. "నిన్న నా క్లాసులో అందరికంటే ఎక్కువ హిందీ మాట్లాడింది నేనే సార్. బోర్డు మీద రాసింది కూడా నేనే. ఇంకెవరి పేరూ చెప్పను."

మైకు వదిలేసి నేరుగా కుళాయి గోడ దగ్గరకు నడిచి, అక్కడున్న చిన్నపిల్లల పక్కన బడివైపు తిరిగి నిలబడింది.

ఇంతలో సముద్రం వైపునుంచి వాన దబదబా వచ్చిపడింది. పిల్లలంతా వరండా కిందకు జరిగారు. గోడ దగ్గరి చిన్నవాళ్ళను పద్మిని "మీరు పొండి" అని తోలేసింది. తను కదల్లేదు. చీర తడిసి ఒంటికి అంటుకుపోతోంది. మూడో తరగతి పిల్లలు గుడ్లప్పగించి చూస్తున్నారు.

"మేడమ్! ఛత్రీ తేవాలా?"

అది బేబీరాణి గొంతు. సోమవారం తర్వాత అదే మొదటి మాట. హెడ్మాస్టరు చెవిన పడింది, బడిలో అందరి చెవినా పడింది.

"తే!" అంది పద్మిని, అంతకంటే గట్టిగా.

ఆ పిల్ల గొడుగు విప్పుకుని వానలో పరుగెత్తింది. టీచరు తలకు అందక మునివేళ్ళ మీద లేచి పట్టుకుంది. వెనక్కి వెళ్ళలేదు. ఛత్రీ అన్నాను గదా, నాకూ ఇక్కడే చోటు అన్నట్టు పక్కనే నిలబడింది.

ఆ తర్వాత హెడ్మాస్టరు ఆమెను గదిలోకి పిలిచాడు. ఆయన ముఖంలో కోపం కంటే నొప్పి ఎక్కువగా కనబడింది.

"కూర్చోండి. ముందు తుడుచుకోండి," అని తువ్వాలు ఇచ్చాడు. "పద్మినిగారూ, నేను ఈ పిల్లలకు శత్రువునా? రేపు వీళ్ళు విశాఖపట్నమో విజయవాడో వెళ్ళి నోరు విప్పితే నవ్వుతారు. నవ్వులపాలు కాకుండా కాపాడాలనే నా తాపత్రయం."

"ఆ నవ్వు నేను తిన్నాను సార్. దాని రుచి నాకు తెలుసు," అంది పద్మిని. "నేను పెద్దయ్యాక ఎక్కడో పరాయి హాస్టల్లో తిన్నాను. మీరు వీళ్ళకి ఎనిమిదేళ్ళకే, సొంత బడిలో పెడుతున్నారు."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "అయితే ఏమంటారు, గాలికి వదిలేద్దామా? ఇంకో తరానికి ఇక్కడ తెలుగు చదివేవాడు మిగలడు."

"వదలొద్దు. పద్యాలు నేర్పుదాం, మంచి మాటలు నేర్పుదాం. ఉన్నదాని పక్కన పెట్టి నేర్పుదాం. ఉన్నది పీకేసి నాటితే ఏం బతుకుద్ది సార్? నా గదిలో పోయిన వారందాకా పిల్లలుండేవారు. మంగళవారం చూస్తే బొమ్మలున్నాయి."

"బడికి ఒక క్రమశిక్షణ ఉంది. మీరు అందరి ముందూ దాన్ని కాలదన్నారు. ఇలాగైతే నేను సంజాయిషీ అడగాల్సి వస్తుంది."

"అడగండి సార్. సంజాయిషీ మటుకు ఏ భాష మాట?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పద్మినికే తెలుసు. కానీ అనేసింది. ఆయన ముఖం గంటు పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

ఊళ్ళో కబురు ఆగుతుందా? బేబీరాణి వానలో నిలబడిందని సాయంత్రానికి జంగ్లీఘాట్‌కు చేరింది. శుక్రవారం పొద్దున్నే పోలిరాజు బడికి వచ్చాడు. మడిచి కట్టిన లుంగీ గుమ్మం దగ్గర దించుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పద్మిని అతను హెడ్మాస్టరు మీద గొడవకు వచ్చాడనుకుంది. కాదు, వచ్చింది ఆమె మీదకే.

"మేడమ్, నాను సదువుకోనేదు. సార్ మా గుంటలకి మంచి మాట నేర్పుతాంటే మీరు అడ్డం పడతన్నారంట. నా గుంట నాలాగే మాట్లాడితే మరి స్కూలెందుకు? ఇంట్లో ఉంచుకుంటాను గదా."

పద్మిని ఈ దెబ్బ ఊహించలేదు.

"పోలిరాజు భయ్యా, సోమవారంనుంచి నీ కూతురు ఇంట్లో ఎలగుంది?"

"ఎలగుంటాది? ముంగిలాగ కూకుంటంది. జొరమేమో అనుకున్నాం. ఒళ్ళు చూస్తే చల్లగానే ఉంది."

"నీలాగ మాట్లాడడం తప్పని చెప్పారు దానికి. అంటే నువ్వే తప్పని దానికి అర్థమైంది. నీతో ఏం మాట్లాడుద్ది మరి?"

పోలిరాజు కిందికి చూశాడు. కానీ ఒప్పుకోలేదు. "అవన్నీ నాకు తెల్దు మేడమ్. రేపు సభకొస్తాను. అందరిలో నా గుంట నవ్వులపాలైందా, తీసికెళ్ళి హిందీ మీడియంలో ఏసేస్తాను."

"ఎయ్యి భయ్యా. నీ కూతురు, నీ ఇష్టం. కానీ ముందు విను. మొత్తం విను."

శనివారం సభకు తల్లిదండ్రులు బాగానే వచ్చారు. వాన తెరిపిచ్చింది. అయిదో తరగతి పూజ పద్యం చదివితే అక్షరం అక్షరం ముత్యంలా దొర్లింది. పద్మిని చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టింది. ఆమెకు పద్యం మీద ఏ రోజూ కోపం లేదు.

మూడో తరగతి వంతు వచ్చేసరికి హెడ్మాస్టరు "పద్యమేగా?" అన్నట్టు ఆమె వైపు చూశాడు. బేబీరాణి మైకు ముందుకొచ్చింది. మైకు ఎత్తుగా ఉంటే ఎవరో దించబోయారు. "వద్దు, నా గొంతు చాలు" అని కాగితం విప్పింది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుని చదివింది.

"మాయయ్య పేరు పోలిరాజు. డుంగీ మీద దరియాలోకి ఎల్తాడు. సుర్మయి తెస్తాడు. మా నానమ్మ దాన్ని వంజరం అంటాది. రెండూ ఒకటే చేప. సముద్రం గరమ్ అయితే మాయయ్య ఎల్లడు. డుంగీ కట్టేసి ఇంట్లోనే ఉంటాడు. అప్పుడు మాయమ్మ మీద ఊరికే అరుస్తాడు."

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. వెనక నిలబడ్డ పోలిరాజు సిగ్గుతో తల వంచేసుకున్నాడు. బేబీరాణి నవ్వు ఆగేదాకా ఆగింది. వేలు మాత్రం అక్షరం మీదనుంచి తీయలేదు.

"మాయయ్యకి కోపం మాయమ్మ మీద కాదు. సముద్రం మీద. అందుకని నాను ఒడ్డుకెళ్ళి సముద్రం మీద అరుస్తాను. బస్ చెయ్, ఊరుకో, మాయయ్యని పోనియ్యి అని అరుస్తాను. అది ఇనదు. అయినా అరుస్తాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పోలిరాజు తల ఎత్తి కూతుర్ని కొత్తగా చూసినట్టు చూశాడు.

"ఇప్పుడు సార్ చెప్పిన పద్యం," అని బేబీరాణి చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. మొదటి పాదం గడగడా వచ్చింది. రెండోది తడబడుతూ వచ్చింది. మూడోదాని దగ్గర ఆగిపోయి, పైకి చూసి, కిందికి చూసి, "అంతే, మిగతాది ఇంకా రాదు. వచ్చే వారం చెప్తాను" అని దిగబోయింది.

"ఆగమ్మా," అన్నాడు హెడ్మాస్టరు. "సుర్మయి, వంజరం, నిజంగా రెండూ ఒకటేనా?"

"ఒకటే సార్. మీరు తినలేదా?"

"నేను చేపలు తినను."

"అయ్యో పాపం!" అంది బేబీరాణి, మనస్ఫూర్తిగా. ఆయనకు నవ్వు ఆగలేదు. వెంటనే దగ్గుతో కప్పిపుచ్చుకున్నాడు.

సభ అయ్యాక పోలిరాజు పద్మిని దగ్గరకు వచ్చి గొణిగాడు. "ఇంటి గుట్టంతా ఊళ్ళో పెట్టేసింది మేడమ్. ఇంక మాయావిడ నన్ను బతకనిస్తాదేటి?" హిందీ మీడియం మాట మాత్రం ఎత్తలేదు. కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని గేటు దాటాడు. గేటు దాటినా ఆ పిల్ల గొంతు వినబడుతూనే ఉంది.

ఆ తర్వాతి సోమవారం ప్రార్థనలో కుళాయి గోడ ప్రస్తావన రాలేదు. రద్దు చేశానని ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అక్కడ ఎవరూ నిలబడలేదు, అంతే. కానీ పది గంటలకు ప్యూన్ వచ్చి పద్మిని చేతికి మెమో ఇచ్చాడు. గురువారం ప్రార్థన సమయంలో అధికారి ఆదేశాన్ని ధిక్కరించినందుకు సంజాయిషీ ఇవ్వాలని.

సరోజిని మేడమ్ భయపడిపోయింది. "క్షమించమని రెండు ముక్కలు రాసి పడేయ్ దీదీ. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేకు. లేకపోతే సముద్రం దాటి ఎక్కడో దూరద్వీపంలోని ఏ హట్ బేకో బదిలీ చేయిస్తారు."

పద్మిని భర్త నాగరాజు ద్వీపాల మధ్య తిరిగే బోటు మీద సరంగు. రాత్రి భోజనాల దగ్గర ఆ మాట విని కంచంలోంచి తల ఎత్తకుండా అన్నాడు. "హట్ బే అయితే ఏటి? అక్కడ తెలుగు గుంటలు లేరా? నా బోటు అటు రోజూ పోదు, అదొక్కటే ఇబ్బంది."

మర్నాడు ఆమె జవాబు రాసింది. ఎవరి సలహానూ తీసుకోలేదు, చిత్తుప్రతి కూడా రాసుకోలేదు. తీసుకెళ్ళి హెడ్మాస్టరు బల్లమీద పెట్టి నిలబడింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు.

'ఆ రోజు నేను చేసింది తెలిసే చేశాను. క్రమశిక్షన అంటే నాకు గౌరవం ఉంది. కానీ మాట్లాడినందుకు పిల్లని నిలబెడితే నేనూ నిలబడతాను. ఇకముందు కూడా.'

ఆయన ఆ కాగితం మళ్ళీ మొదటినుంచి చదివాడు. తర్వాత, ఏళ్ళ తరబడి పట్టుకున్న అలవాటు చొప్పున, చెయ్యి దానంతటదే ఎర్ర పెన్ను మీదకు పోయింది. 'క్రమశిక్షన'లో న కొట్టేసి ణ రాశాడు. రాశాక, చేసిన పని తనకే తెలిసి తల ఎత్తాడు.

పద్మిని వంగి చూసింది. చిన్నప్పటినుంచీ ఆ రెండక్షరాల దగ్గరే ఆమెకు చిక్కు.

"అది నిజంగా తప్పే సార్. దిద్దారు, మంచిది," అంది. "మిగతాదంతా అలాగే ఉంచండి."

అని, గంట కొట్టకముందే తన గది వైపు నడిచింది.